తీర్మానాల పుస్తకం

కొత్తవాడల మా నాయిన మగ్గం గుంతను
ఇసుకతోని పూడ్చి పైన సిమెంటు పోసినం.
అయినా అక్కడ కుర్చీ జెర ఊగుతది.
ఆ కుర్చీల ఎవరు కూసోవాల్నో
మా మొదటి తీర్మానం గదే:
వారానికొకరు.

ఏడుగురం. తలా రెండువేల వాటా.
ఓదేలు వాటా వాళ్లమ్మ చుట్టిన బీడీలు.
నుస్రత్ వాటా అమ్ముకున్న కుట్టు మిషను.
నాది అప్పు.
చేతిరాత మంచిగున్నదని
కార్యదర్శిని చేసిండ్రు నన్ను.

సంఘం అనంగనే నాయిన నవ్విండు.
నవ్వు కాదది, పోగు తెగిన చప్పుడు.
"మాకూ ఉండె సంఘం, ముప్పై ఏండ్ల కింద.
అధ్యక్షుని జేబుల ఉండె.
మీటింగని పిలిచి మిర్చి బజ్జీలు పెట్టేటోళ్లు.
చెయ్యెత్తుమంటె ఎత్తేటోళ్లం.
దేనికెత్తినమో
గోదాముకు తాళం పడ్డంక ఎర్కైంది."

అందుకే మా మీటింగుల బజ్జీలు లేవు.
అది రెండో తీర్మానం.
ఓదేలు ఒక్కడే వ్యతిరేకం.

సర్వరు పాస్‌వర్డు ఎవరి దగ్గరుంటే
వాళ్లే సేటు అయితరని భయం.
మూడు ముక్కలు చేసినం దాన్ని.
ఒకటి నుస్రత్‌కు, ఒకటి మొగిలికి,
ఒకటి అందరికన్న ముందొచ్చి ఊడ్చే కొమురక్కకు.
ఆమెదీ రెండువేలే, ఆమెదీ ఒక చెయ్యే.
ఒకపారి ఆమె మేడారం పోయింది,
సర్వరు ఆగింది, రెండు రోజులు లేవలే.
గిరాకీలు తిట్టిండ్రు, మేమూ తిట్టుకున్నం.
వచ్చినంక బంగారం పంచుకుంట
"నేను లేకుంటె నడవదా?" అని
ఊరంత మురిసింది.

చేసేది చిన్న పనే.
మిర్చి బస్తా కాంటా ఎక్కంగనే
బరువు రైతు ఫోనుకు పోవాలె.
దానికే తొమ్మిది నెలలు పట్టింది.
మూడు నెలల జీతాలు లేవు.
పుస్తకంల బాకీ అని రాసి
కింద ఏడు పేర్లు రాసిన.
మాకు మేమే బాకీ పడ్డం,
మాకు మేమే గడువిచ్చుకున్నం.

అప్పుడొచ్చిండు ఎనుమాముల నుంచి ఒక అడ్తిదారు.
ముప్పై కాంటాలు. సగం పైసలు ముందే.
"ఒక్క చిన్న మార్పు తమ్ముడూ.
బస్తాకు కిలో తరుగు
కాంటా లోపల్నే పోవాలె.
తెర మీద కానరావద్దు."

ఆ రాత్రి ఎవ్వరం ఇంటికి పోలే.
మొగిలి అన్నడు:
"మిర్చి ఏసి మునిగిన ఇల్లు మాది, పరకాల దిక్కు.
నాకు చెప్పకుండ్రి రైతు సంగతి.
ఆ కిలో ఎప్పుడు పోలే?
మనం రాయకుంటె ఇంకొకడు రాస్తడు.
మా చెల్లె ఫీజు సోమారం లోపల కట్టాలె."
బదులు ఎవ్వరి దగ్గరా లేదు.

చేతులెత్తమన్న.
ముగ్గురు వద్దన్నరు. ముగ్గురు కావాలన్నరు.
కొమురక్క చీపురు గోడకానిచ్చి
చెయ్యి కొంగుకు తుడుసుకున్నది.
"తెర మీద కానరాని లెక్క
రేపు మన జీతంల పోదా?"
వద్దన్న చేతులు నాలుగైనయి.

దాచుడెందుకు,
కావాలని ఎత్తిన ముగ్గుర్ల నేనొకదాన్ని.
నా పేరు నేనే రాసుకున్న,
చేతిరాత ఆ ఒక్క వరుసల మంచిగ రాలే.

తెల్లారి మొగిలి రాడనుకున్నం.
తొమ్మిది కాకముందే వచ్చి
గ్రాముల కాడ తప్పుతున్న లెక్కను
పొద్దుగూకేదాక సాపు చేసిండు.
ఎవ్వరితోని మాట్లాడలే.
ఓడినోడు గూడ ఓనరే.
వేరే కొలువైతే రాజీనామా ఇచ్చి పోవచ్చు,
ఇక్కడ ఎవరి మొకాన కొడ్తం?

వాళ్ల చెల్లె ఫీజుకు అందరి జేబులు దులిపితే
నాలుగు వేలైంది. ఇంక ఆరు తక్కువ.
ఆ ఆరు ఎట్లొచ్చినయో
పుస్తకంల లేదు.

నిన్న నాయిన ఆ పుస్తకం అడిగిండు.
అద్దాలు పెట్టుకొని, వేలు ఆనిచ్చి
వరుస వరుస చదివిండు.
"ఓడినోళ్ల పేర్లు గూడ రాస్తరా?"
రాస్తమన్న.
చాన సేపు ఆ పేజీ తిప్పలే.

ఈ వారం
ఊగే కుర్చీ నాది.